పలచని టీ రంగు

ముళ్లతీగ రెండు భుజాల్నీ చీల్చింది.
జీర్దె కదలకుండా నిలబడింది,
వీపు మీద జూన్ నెల వడగళ్లు కరుగుతున్నాయి.

అట్-బాషి పైన, ఈ మేత మైదానంలో
మాకున్నది ఒకే ఒక్క సీసా:
పోవిడోన్ అయొడిన్, పది శాతం,
మూత చుట్టూ ఎండిన తుప్పురంగు వలయం.

ఇషెన్‌బెక్ తాత సీసా ఎత్తి
నేరుగా ఎడమ భుజం మీద వంచేశాడు.
గుర్రం చర్మం అలలా వణికింది.
"చూశావా, పట్టింది" అన్నాడు.
మండనిది మందెలా అవుతుందని ఆయన లెక్క.
తొడ మీద తోడేలు పంటిగాటును
నలభై ఏళ్ల కిందట వోడ్కాతో కడుక్కున్న మనిషి.

నేను వద్దన్నాను.
వద్దన్న తీరు బాగాలేదు.
నరీన్ నుంచి నిన్ననే వచ్చిన పశువైద్యురాలు
ఆయన మనవరాలి ముందు ఆయన మీద అరిచింది.

కుడి భుజం నాది.
కాచి చల్లార్చిన నీళ్లు లీటరు,
అందులో సిరంజితో పది మిల్లీలీటర్లు.
గాజుగ్లాసులోకి వంచి వెలుగుకెత్తి చూశాను:
పలచని టీ రంగు.
"మందు కాదిది, మందు కడిగిన నీళ్లు"
అన్నాడు తాత, గుర్రానికి చెబుతున్నట్టు.

ఆ సాయంత్రం యుర్త్‌లో
నా పియాలా అంచుదాకా నింపి ఇచ్చాడు.
ఇక్కడ పుట్టినదాన్ని, నాకు అర్థం చెప్పక్కర్లేదు.
చుట్టానికి కొంచెమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయడానికి.
నిండు పియాలా అంటే తాగి బయల్దేరమని.
తాగాను. బయల్దేరలేదు.
జీపులో బ్యాటరీ చచ్చిపోయింది, అదీ ఒక కారణం.

ఐపేరి రోజూ దారంతో కొలిచేది.
గాయం ఎంతుంటే అంత తెంపి
అట్టముక్కకి అంటించేది,
ఎడమకి ఎర్రది, కుడికి తెల్లది.
మూడో రోజు రెండూ ఒకటే పొడుగు.
తాత మీసంలో నవ్వుకున్నాడు.
ఐదో రోజు కుడివైపు ఈగ గుడ్లు పెట్టింది, నా వైపే.
రాత్రంతా పట్టకారుతో ఒక్కొక్కటే తీశాను.
లాంతరు పట్టుకున్నది తాతే.
ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

తొమ్మిదో రోజు
కుడి గాయం అడుగున దానిమ్మగింజల్లా కొత్త కండ,
అంచుల్నుంచి గులాబీ పొర ఒకటి
జంకుతూ జంకుతూ లోపలికి నడిచొస్తోంది.
ఎడమ గాయం శుభ్రంగా ఉంది.
ఊడ్చిన వాకిలిలా శుభ్రంగా,
ఎవరూ రాని వాకిలిలా.
చుట్టూ చర్మం పొట్టు లేస్తోంది.

చదువుకున్నదంతా అప్పుడు చెప్పొచ్చు:
క్రిమిని చంపే చెయ్యి మరీ బరువైతే
పక్కనే పుడుతున్న కణాన్నీ నొక్కేస్తుందని,
నీళ్లు కలిస్తే అయొడిన్ కట్లు తెంచుకుని
ఇంకా చురుకవుతుందని,
పిండి కొద్దీ రొట్టె అనే మాట పుండు దగ్గర చెల్లదని.
చెప్పలేదు.
ఒక గుర్రం, రెండు గాయాలు, ఒక ఈగ.
దీన్ని రుజువనడానికి నాకు నోరు రాదు.
ఎడమవైపు తీగ లోతుగా దిగి ఉండొచ్చు.
జీర్దె పడుకునేదీ ఎడమవైపే.

మర్నాడు పొద్దున
తాత తనే నీళ్లు కాచి చల్లార్చాడు.
ఐపేరి దగ్గర సిరంజి అడిగి తీసుకుని
పదో గీత కోసం కళ్లు చిట్లించి వెతుక్కున్నాడు.
గ్లాసు వెలుగుకెత్తాడు. ఇంకాసిని నీళ్లు పోశాడు.
మరీ పలచనైంది. నేను నోరు మెదపలేదు.
ఎడమ భుజం మీద సన్నటి ధారగా వదిలాడు.
జీర్దె తోకైనా ఆడించలేదు.
"దీనికి మండట్లేదు" అన్నాడు,
తప్పు ఒప్పుకుంటున్నట్టు,
పాత గాటు దగ్గర తొడ తడుముకుంటూ.

సాయంత్రం నా పియాలాలో
అడుగున మూడు గుక్కలు పోసి చేతికిచ్చాడు.
ఖాళీ చేశాను. మళ్లీ మూడు గుక్కలు.
బయట ఐపేరి ఎర్రదారం తెంపిన చప్పుడు.
బ్యాటరీ మధ్యాహ్నమే వచ్చింది.
ఆ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.